సోఫా కోసం పుట్టని ఎరుపు

కొత్త ఫ్లాట్లకి ఇంటీరియర్స్ చేసేవాళ్ల దగ్గర ఒక సూత్రం స్థిరపడిపోయింది. గోడలు ఆఫ్‌వైట్, సోఫా బూడిదరంగు, టీవీ యూనిట్‌కి చెక్కరంగు లామినేట్. అన్నీ బిగించాక చూసుకుంటే హాలు వెలవెలబోతుంటుంది. అప్పుడు "ఇక్కడ కాస్త కలర్ పడాలి సార్" అంటూ ట్యాబ్ తీసి ఒక ఫోవిస్టు ప్రకృతి దృశ్యం, అంటే 1905 ప్రాంతంలో పారిస్ చిత్రకారుల ముఠా ఒకటి వేసిన మండే రంగుల బొమ్మ, చూపిస్తారు. ఎర్ర చెట్లు, నారింజ కొండలు, ఆకుపచ్చ ఆకాశం. అందులోని నారింజని పట్టుకుని, అదే షేడ్‌లో నాలుగు కుషన్లూ ఒక పూలకుండీ కూడా కొటేషన్‌లో చేరుస్తారు. బొమ్మ ఆ ముఠాలో మతీస్‌దా, దెరేన్‌దా, వ్లామింక్‌దా అని అడిగేవాళ్లుండరు. మ్యాచ్ అయిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. అయింది. అందరూ సంతోషిస్తారు.

ఆ సంతోషం మీదే నా అభ్యంతరం. ఎవరిల్లు వాళ్లిష్టం కదా, ఇందులో తప్పుపట్టడానికేముంది అంటారు. ఇల్లు వాళ్లిష్టమే, కాదనను. కానీ ఫోవిస్టు బొమ్మని సామానుకి జత చూసి ఎంచుకుంటే, ఆ బొమ్మలో ఏది పనిచేయాలో అది పనిచేయడం మానేస్తుంది. గోడమీద రంగు మిగులుతుంది, బొమ్మ మిగలదు. డబ్బు మాత్రం బొమ్మకే ఇచ్చాం.

అలాగని ప్రింటు పెట్టుకోవడమే నామోషీ అనే పెద్దమనుషుల పక్షాన నేను లేను. "ఒరిజినల్ కొనలేకపోతే గోడ ఖాళీగా వదిలెయ్యండి" అని సలహా ఇచ్చే ఆ వర్గం వాళ్లకి మన ఇళ్ల చరిత్రే తెలియదు. తెలుగిళ్లలోకి బొమ్మ అడుగుపెట్టిందే ప్రింటుగా. 1894లో రవివర్మ ముద్రణాలయం మొదలయ్యాక, రాజుల కోటల్లో ఉండాల్సిన లక్ష్మీ సరస్వతులు కాగితాల మీద అచ్చయి పల్లెటూరి పెంకుటింటి దాకా వచ్చారు. అది నకలు కదా అని ఆ లక్ష్మికి దండం పెట్టడం ఎవరూ మానలేదు. ఫోవిస్టుల పూర్వీకుల్ని వెతికినా మొదట తగిలేవి చవక ప్రింట్లే. 1885లో ఆంట్‌వెర్ప్‌లో వాన్‌గో తన గది గోడలకి జపాన్ చెక్క అచ్చుల బొమ్మలు గుచ్చుకుని బతికాడు. పరుచుకున్న చదును రంగుల్లో ఎంత బలముందో వాటిలో చూశాడు. 1901లో పారిస్‌లో జరిగిన అదే వాన్‌గో ప్రదర్శనలో దెరేన్ తన మిత్రుడు వ్లామింక్‌ని మతీస్‌కి పరిచయం చేశాడు. ఫోవిస్టు ముఠా అక్కడ కలిసింది. కాబట్టి కాగితం మీది బొమ్మని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. గోడకెక్కే దారిలో దాన్ని ఏం చేస్తున్నామన్నదే గొడవ.

అసలు ఆ రంగులు ఎందుకొచ్చాయో తెలిస్తే గానీ ఈ గొడవ అర్థం కాదు. 1905 వేసవిలో మతీస్, దెరేన్ ఇద్దరూ కొల్యూర్‌లో ఉన్నారు. ఫ్రాన్స్ దక్షిణపు కొసన, స్పెయిన్ సరిహద్దు దగ్గర, మధ్యధరా తీరంలో నెత్తళ్లు పట్టి ఉప్పులో ఊరేసే బెస్తల ఊరు. మతీస్‌కి 35 ఏళ్లు, అప్పులూ పిల్లలూ ఉన్నవాడు. దెరేన్‌కి 25, మూడేళ్ల సైనిక సేవ ముగించుకుని ఏడాది కాలేదు. అక్కడి ఎండ వాళ్లకి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. నీడ వేయాలంటే గోధుమో నలుపో కలపాలని అప్పటిదాకా బడిలో నేర్పిన పద్ధతి. ఈ ఊళ్లో నీడ చూస్తే అది కూడా వెలుగుతోంది. ఈ వెలుగుని ఒప్పుకుంటే నీడని కాదనాల్సిందేనని దెరేన్ ఆ జులైలో వ్లామింక్‌కి రాసిన ఉత్తరంలో తేల్చాడు.

నీడని తీసేస్తే లోతు ఎలా వస్తుంది? కొండ వెనక్కి పోవాలి, చెట్టు ముందుకి రావాలి. నలుపు లేకుండా ఆ పని చేయగలిగింది రంగుల మధ్య ఉండే వైరం ఒక్కటే. వేడి రంగు ముందుకొస్తుంది, చల్లటిది వెనక్కి జరుగుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. దెరేన్ వేసిన 'కొల్యూర్ కొండలు' చూడండి. ఆలివ్ చెట్ల కాండాలు, ఆకులు, గడ్డి, అన్నీ విడివిడి కుంచె గాట్లు. గాటుకీ గాటుకీ నడుమ తెల్లటి క్యాన్వాస్ అలాగే వదిలేశాడు. కొండ నారింజ రంగులో ఉన్నది పక్కన నీలం ఉంది కనుక. నీలం తీసేస్తే ఆ నారింజకి అర్థం లేదు. అది కొండ రంగూ కాదు, దెరేన్‌కి ఇష్టమైన రంగూ కాదు, ఒక లెక్కలో ఒక పదం.

ఈ లెక్క గాలిలోంచి ఊడిపడలేదు. అంతకు చాలా ముందే షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పారిస్‌లోని గోబెలాన్ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతిగా చేరాడు. నల్ల అద్దకంలో పస లేదని అక్కడ ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ నల్లదారాల పక్కన నేసిన రంగులే నలుపుని నీరసంగా కనిపించేలా చేస్తున్నాయి. పక్కనున్న రంగుని బట్టి ఏ రంగైనా మారి కనిపిస్తుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. చిత్రకారులు దాన్ని శ్రద్ధగా చదివారు. మతీస్ 1904 వేసవి సాఁ త్రోపేలో చిత్రకారుడు సిన్యాక్ దగ్గర గడిపినప్పుడు ఈ పాఠమంతా ఒంటబట్టించుకున్నాడు.

ఇప్పుడు ఆ నారింజ కుషన్ల దగ్గరికి రండి. బొమ్మలోని నారింజకి బలం ఇచ్చేది దాన్ని చుట్టుకున్న నీలం. దాని కిందే మూడడుగుల మేర నారింజ గుడ్డ పరిచాం. ఆ గుడ్డకి అలవాటుపడ్డ కన్ను పైకి లేచి కొండని చూసేసరికి కొండ నారింజ చప్పబడిపోతుంది. చిత్రకారుడు ఏ రంగుని రెచ్చగొట్టడానికి అంత తంటాలు పడ్డాడో సరిగ్గా దాన్నే మనం ఎంచి మరీ జోకొట్టాం. గోబెలాన్ తివాచీలో నలుపుకి పట్టిన గతే ఇది. తేడా ఏమిటంటే అక్కడ పొరపాటున జరిగింది, ఇక్కడ ఫీజు తీసుకుని చేస్తున్నారు.

మరి సామానుకి పొసగని బొమ్మ ఇంట్లో ఎబ్బెట్టుగా ఉండదా అని అడుగుతారు. ఈ బొమ్మలు మొదట చేరిన ఇళ్లలో ఒకటి ఎలా ఉండేదో ఫోటోలున్నాయి. పారిస్‌లో రూ ద ఫ్లూరస్ 27వ నంబరు, లియో, గెర్ట్రూడ్ స్టెయిన్ అన్నాచెల్లెళ్లు అద్దెకున్న చోటు. 1905 శరత్కాల ప్రదర్శనలో జనం పగలబడి నవ్విన మతీస్ 'టోపీ పెట్టుకున్న స్త్రీ'ని కొన్నది వాళ్లే. మరుసటేడు కొల్యూర్ పరిసరాలనే పెద్ద కలగా మార్చి మతీస్ వేసిన 'జీవితానందం' కూడా ఆ ఇంటికే వచ్చింది. అది ఏడడుగులు దాటిన వెడల్పు బొమ్మ. దానికింద ఉన్న సామానేమిటనుకున్నారు? ఇటలీ నుంచి తెచ్చిన, పునరుజ్జీవన కాలపు పోకడ ఉన్న బరువైన ముదురు చెక్క బల్లలు, కుర్చీలు. ఒక్క రంగు కలవదు. గోడల మీద ఫ్రేముకి ఫ్రేము ఒరుసుకుంటూ పైకప్పు దాకా బొమ్మలే. శనివారం సాయంత్రాలు ఆ గదికొచ్చి కూర్చున్నవాళ్లలో కొందరు తిట్టుకుంటూ వెళ్లారు, కొందరు చిత్రకళలో కొత్త శతాబ్దం అక్కడే మొదలైందనుకున్నారు. కుషన్ల మీద మాత్రం ఎవరికీ ఫిర్యాదు ఉన్నట్టు లేదు.

అంతదూరం ఎందుకు, ఇంటీరియర్ కేటలాగుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే మతీస్ 'తెరిచిన కిటికీ, కొల్యూర్' బొమ్మనే తేరిపార చూడండి. కిటికీ అవతల పడవలు, సముద్రం. ఇవతల గది. ఆ గదిలో కిటికీకి ఎడమపక్క గోడ నీలం కలిసిన ఆకుపచ్చ, కుడిపక్కది ముదురు గులాబీ. ఒకే గదికి రెండు గోడలు, రెండూ ఒకదానికొకటి బద్ధవిరోధులు. గోడకి మ్యాచ్ అవుతుందని మనం కొంటున్న బొమ్మలో గోడకే గోడ మ్యాచ్ కాదు.

అదే కేటలాగులో ఆ బొమ్మ నాలుగడుగుల సైజులో కూడా దొరుకుతుంది. అసలు బొమ్మ ఎత్తు 55 సెంటీమీటర్లు, వెడల్పు 46. అంటే 22 అంగుళాలకి 18. ఒడిలో పెట్టుకుని చూడగలిగినంత. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి వెళ్లినవాళ్లు ఇంతేనా అని ఆశ్చర్యపోతారు. కుంచె గాట్లు అంత చిన్న జాగాలో కిక్కిరిసి ఉండబట్టే కిటికీ అవతల వెలుతురు ఉక్కపోసినట్టు ఒత్తుకొస్తుంది. దాన్ని నాలుగడుగులకి సాగదీస్తే ఒక్కో గాటూ అరచెయ్యంత అవుతుంది, నీళ్లమీద చిరు మెరుపులు బొబ్బల్లా తేలతాయి. దీనికి విరుద్ధంగా దెరేన్ 'మలుపు తిరిగే దారి, లెస్తాక్' ఆరడుగుల పైన వెడల్పున్న బొమ్మ. ఎర్ర చెట్ల మధ్య దారిన పోయే మనుషులు అందులో కనిపిస్తారు, ఆ దారి మనల్ని లోపలికి లాగుతుంది. దాన్ని పన్నెండంగుళాలకి కుదించి వాష్‌బేసిన్ పక్కన పెడతారు.

సైజు విషయంలో నేను చాదస్తం చూపిస్తున్నానని అనుకునేవాళ్లు మతీస్‌నే అడగొచ్చు. డెకరేషన్ పక్షంవాళ్లు ఆయన 1908లో రాసిన 'చిత్రకారుడి నోట్సు' అనే వ్యాసాన్ని సాక్ష్యానికి పిలుస్తుంటారు. అలసిన మనిషికి మంచి పడక్కుర్చీ ఇచ్చే హాయిని తన కళ ఇవ్వాలని ఆయన అందులో కోరుకున్న మాట నిజమే. "చూశారా, ఆయనే చెప్పాడు, సోఫాలాంటిదే" అంటారు. అదే వ్యాసంలో, కొన్ని పేజీల ముందు, ఆయన మరో సంగతి కూడా చెప్పాడు. ఒక కూర్పుని చిన్న క్యాన్వాస్ నుంచి పెద్దదానికి మార్చాలంటే గళ్లు గీసి పెంచితే చాలదు, దాన్ని మళ్లీ మొదటినుంచీ ఊహించాలి, రూపం మార్చాలి అని. పడక్కుర్చీ అందరికీ గుర్తుంది, ఈ మాట ఎవరికీ గుర్తులేదు. ఆ హాయి రంగుల మధ్య తూకం కుదిరినప్పుడు వచ్చేదనీ, కొత్త రంగు పెట్టిన ప్రతిసారీ పాతవి బలహీనపడితే మళ్లీ సర్దుతూ పోవాలనీ కూడా ఆ వ్యాసమే వివరిస్తుంది. అంత సర్దిన తూకంలోకి మనం కుషన్ విసిరాం.

ఇక ఐదు ముక్కల ప్యానెళ్లు. ఒకే బొమ్మని నిలువునా ఐదుగా కోసి, రెండేసి అంగుళాల సందులిచ్చి, నడిమిది పొడుగ్గా, చివరివి పొట్టిగా మెట్లలా బిగిస్తారు. పైగా ప్రతి ముక్క అంచూ చట్రం వెనక్కి మడతపడుతుంది. చెట్టు కాండం సగం ఒక ముక్కలో, సగం గోడ సందులో. ఈ దారుణానికి కూడా ఒక సమర్థన సిద్ధంగా ఉంది: ఫోవిస్టు ద్యుఫీ స్వయంగా బట్టల డిజైన్లు వేయలేదా? వేశాడు, అదీ బాగా వేశాడు. 1912 నుంచి లియోన్ పట్టు కంపెనీ బియాంకినీ-ఫెరియే కోసం ఏళ్ల తరబడి గుడ్డలకి నమూనాలు గీశాడు. కానీ ఆయనకి బట్ట ఏమిటో బొమ్మ ఏమిటో తేడా తెలుసు. బట్ట నమూనా అంటే ఒకే రూపం మళ్లీమళ్లీ తిరిగి రావాలి, దర్జీ ఎక్కడ కత్తెర పెట్టినా చెడకూడదు. దాన్ని అలాగే గీశాడు. తాను గుడ్డని ఎన్ని గజాలకైనా చింపొచ్చు. 'కొల్యూర్ కొండలు' తాను గుడ్డ కాదు, దానికి నాలుగు అంచులున్నాయి, దెరేన్ ఆ నాలుగూ చూసుకునే గాట్లు పెట్టాడు. కత్తెర పెట్టుకోదలిస్తే ద్యుఫీ వేసిన గుడ్డలున్నాయి, నిక్షేపంగా కర్టెన్లు కుట్టించుకోవచ్చు.

హ్యాపీ కలర్స్, పాజిటివ్ ఎనర్జీ అనే మాటలు కూడా వింటుంటాం. ఆగ్నేయానికి ఎరుపు మంచిదని దెరేన్ చెట్టుని వంటింటి మూలకి పంపేవాళ్లూ ఉంటారు. 1905లో వాటిని చూసిన జనానికి ఆ సంతోషమేమీ కనబడలేదు. పారిస్ గ్రాన్ పలేలో, ఏడో నంబరు గదిలో, ఈ బొమ్మల మధ్య పాత ఇటాలియన్ తరహా శిల్పం ఒకటి ఉండటం చూసి విమర్శకుడు లూయీ వోసెల్ క్రూరమృగాల నడుమ ఇటాలియన్ శిల్పి దొనతెల్లో చిక్కుకున్నాడన్నాడు. అలా 'ఫోవ్'లు, అంటే మృగాలు, అనిపించుకున్నవాళ్లు ఈ ఫోవిస్టులు. వ్లామింక్ సైకిల్ పందేల్లో పాల్గొనీ, హోటళ్లలో వయొలిన్ వాయించీ పొట్టపోసుకుని, అరాచకవాద పత్రికలకి రాసిన మనిషి. దెరేన్ ఆ రోజుల రంగుల్ని తర్వాత్తర్వాత డైనమైట్ కడ్డీలతో పోల్చాడు. 1906లో వ్యాపారి వొల్లార్ అతణ్ని లండన్ పంపాడు. మోనే థేమ్స్ బొమ్మలు బాగా అమ్ముడయ్యాయి కదా, అలాంటివే కావాలన్నది వొల్లార్ ఆలోచన. మోనే మంచుతెర కప్పిన నదిని, సరుకు ఓడలు, పడవలు, పొగతో కిటకిటలాడే రేవుగా దెరేన్ ముప్పై క్యాన్వాసుల్లో తిరగరాశాడు. మంటల రంగులో మండే ఆ రేవులో సెలవురోజు హాయి నాకైతే కనిపించదు. ఊపిరి సలపనివ్వని పని కనిపిస్తుంది. అది కూడా ఇంట్లో ఉండదగ్గదే. హ్యాపీ అని పేరు పెట్టి దాని కోరలు పీకనక్కర్లేదు.

ముద్రణ గురించి రెండు మాటలు. మతీస్, దెరేన్ ఇద్దరూ 1954లోనే పోయారు. చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకి మన చట్టం కాపీహక్కు ఎత్తేస్తుంది గనుక ఇక్కడ ఎవరైనా అచ్చేయొచ్చు, వేస్తున్నారు. మామూలు నాలుగు రంగుల ఇంకులతో కాడ్మియం నారింజ, కోబాల్టు నీలం, చిక్కటి పచ్చ సరిగ్గా రావు. రానిదాన్ని తెప్పించడానికి కంప్యూటర్లో శాచురేషన్ గీత పైకి జరుపుతారు. అప్పుడు అన్ని రంగులూ ఒకేలా అరుస్తాయి, వేడిచల్లని తేడా పోతుంది, దాంతోపాటు వెలుతురూ పోతుంది. గాట్ల మధ్య వదిలిన తెల్లటి ఖాళీలు పసుపు చారలై తేలతాయి. పదీ పన్నెండు ఇంకుల పిగ్మెంట్ యంత్రం మీద, మెరుపులేని కాగితం మీద తీయించుకుంటే ఖర్చు పెరుగుతుంది, తేడా కంటికి తెలుస్తుంది. దానిమీద పసుపుపచ్చ సీలింగ్ లైటు మాత్రం వేయకండి, నీలాలన్నీ చచ్చిపోతాయి. ఎదురెండ పడే గోడా వద్దు.

రంగు కలవాలన్న పట్టుదలకి అసలు జవాబు మాత్రం మాస్కోలో ఉంది. బట్టల వ్యాపారి సెర్గేయి షుకిన్ తన ఇంటి భోజనాల గదికని మతీస్‌కి ఒక పెద్ద అలంకరణ చిత్రం పురమాయించాడు. రంగు బట్టలతో జీవితమంతా గడిపినవాడు, గది చూసుకునే అడిగి ఉంటాడు. మతీస్ నీలంలో వేశాడు. బల్ల, పళ్లు, పనిమనిషి, కిటికీలోంచి తోట. అంతా పూర్తయి ఫోటో కూడా తీశాక, నీలం ఆ తోట ఆకుపచ్చతో తగినంత తలపడటం లేదనిపించి, బల్లా గోడా మొత్తం ఎర్రగా మార్చేశాడు. 1908 శరత్కాల ప్రదర్శనలో అది 'భోజనాల గదికి అలంకరణ ఫలకం' అనే పేరుతోనే, ఎర్రగా, వేలాడింది. నీలం ఎదురుచూస్తున్న షుకిన్‌కి ఎరుపు చేరింది. ఆయన వెనక్కి పంపలేదు. కిటికీలోని ఆ పచ్చటి తోటకి కావాల్సిన రంగు భోజనాల గదికి వచ్చింది, గది సర్దుకుంది. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటాజ్‌లో ఉంది. 'ఎర్ర గది' అంటే తెలియనివాళ్లు తక్కువ.

ఇంత ఆలోచిస్తే ఇక ఇంట్లో బొమ్మ పెట్టుకున్నట్టే అని విసుక్కోకండి. పని చాలా చిన్నది. బొమ్మ ముందు ఎంచుకోండి, పెయింటు షేడ్ కార్డు పక్కన పెట్టుకుని కాదు. అది ఏ మ్యూజియంలో ఉందో, అసలు కొలత ఎంతో చూసుకోండి. ఆ కొలతకి దగ్గరగా, నాలుగంచులూ తెగకుండా, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు వచ్చేలా అచ్చేయించండి. ఆ తెలుపు గోడరంగుని కాస్త దూరం ఉంచుతుంది. హాల్లో అందరికీ ప్రదర్శించాల్సిన పనికూడా లేదు. 22 అంగుళాల కొల్యూర్ కిటికీకి రాసుకునే బల్ల ముందు గోడ చాలు. ఐదు ముక్కల సెట్టు ఇప్పటికే కొనేసినవాళ్లు సందులు లేకుండా వాటిని దగ్గరికి జరిపి బిగిస్తే సగం పాపం పోతుంది. కుషన్ల గురించి బెంగ వద్దు, ఆ కవర్లకి జిప్పులుంటాయి.